పేరు@123, పుట్టినతేదీ, బండి నంబరు: మన పాస్‌వర్డులు ఎందుకు నిలవట్లేదు, ఏం మార్చాలి

పటమట_శ్రీధర్ (చర్చ మొదలుపెట్టినవారు)

బెజవాడ, గుంటూరు గ్రూపుల్లో ఈ పోస్టు తరచూ కనిపిస్తోంది: "నా ఫేస్‌బుక్ హ్యాక్ అయింది, డబ్బులడిగితే ఎవరూ వేయకండి." వీటిలో చాలావాటిని హ్యాకింగ్ అనడమే దండగ. ఎప్పుడో ఒక గేమ్‌కో, ఉద్యోగాల సైటుకో పెట్టిన పాస్‌వర్డు ఆ సైటు నుంచి బయటికి పోతుంది. అదే పాస్‌వర్డు మెయిల్‌కీ ఉంటుంది. ఎవడూ కూర్చుని మీ గురించి ఊహించడు. మెయిల్ ఐడీ, పాస్‌వర్డు జతల జాబితాను ఒక ప్రోగ్రాముకు ఇస్తే అది మిగతా సైట్లలో వరసపెట్టి కొట్టి, ఏవి తెరుచుకున్నాయో చెబుతుంది.

ఆ జాబితాలకు కొదవ లేదు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు ఏ మరుగూ లేకుండా ఉన్నవి ఉన్నట్టే బయటపడ్డాయి. పాస్‌వర్డులు విరగ్గొట్టేవాళ్లు ఇవాళ్టికీ ముందు ఆ జాబితానే తీస్తారు. 2012లో లింక్డిన్‌ది పోయింది. మొదట 65 లక్షలే అనుకున్నారు, 2016లో 11.7 కోట్లని తేలింది. 2013లో అడోబీ నుంచి 15 కోట్ల పైచిలుకు ఖాతాలు పోయాయి. అందులో గుర్తు కోసం జనం రాసుకున్న హింట్లు మామూలు అక్షరాల్లోనే ఉన్నాయి. హింటుగా "అమ్మాయి పేరు" అని రాశాక ఇంక దాచేదేముంది?

మనవైపు అలవాట్లు చూడండి. పేరు, @, 123. దేవుడి పేరు, 108. ఊరి పేరు, పిన్‌కోడ్ (520010, 522002). బండి నంబరు: పాతదైతే ఏపీ16, ఏపీ07, 2019 తర్వాతదైతే ఏపీ39. హీరో పేరు, పుట్టిన సంవత్సరం. సైటు "పెద్దక్షరం, అంకె, గుర్తు ఉండాలి" అనగానే అందరి చెయ్యీ ఒకే చోటికి పోతుంది: మొదటి అక్షరం పెద్దది, చివర @123. ఈ పోకడలన్నీ విరగ్గొట్టే సాఫ్ట్‌వేర్‌లలో ముందే రూల్సుగా రాసిపెట్టి ఉన్నాయి. 'ఏ' బదులు @ పెట్టడం, 'ఓ' బదులు సున్నా పెట్టడం కూడా.

అన్నీ ఒకేరోజు మార్చమని చెప్పను, ఎవరూ మార్చరు కూడా. ముందు మెయిల్ మార్చండి. మిగతా ఖాతాలన్నిటికీ "పాస్‌వర్డు మర్చిపోయాను" లింకు వచ్చేది దానికే. మెయిల్ పోయిందంటే మిగతావన్నీ పోయినట్టే.

అరండల్‌పేట_టీచర్

శ్రీధర్ గారూ, ఒక సందేహం. నాలుగైదుసార్లు తప్పు కొడితే బ్యాంకు సైటు లాక్ అయిపోతుంది కదండీ. మరి ఈ సాఫ్ట్‌వేర్ సెకనుకు కోట్లు ప్రయత్నిస్తుందంటారే, అదెలా?

హ్యాష్‌పిచ్చి

టీచర్ గారూ, ప్రయత్నించేది సైటు మీద కాదండీ. సైటు డేటాబేస్ దొంగిలించి తెచ్చుకుని వాళ్ల కంప్యూటర్లో కొడతారు. అక్కడ లాక్ చేసేవాడు ఉండడు.

మంచి సైటు మీ పాస్‌వర్డును అలాగే దాచదు. దాన్ని హ్యాష్ చేసి దాస్తుంది, అంటే తిరిగి వెనక్కి రాని ముద్దగా మారుస్తుంది. దొంగ ఏం చేస్తాడంటే, ఒక్కో ఊహనూ అలాగే హ్యాష్ చేసి సరిపోయిందా అని చూస్తాడు. ఇప్పుడు లెక్క. ఒక ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఎండీ5 అనే పాత హ్యాష్ మీద సెకనుకు సుమారు 16,400 కోట్ల ఊహలు కొడుతుంది. అదే బీక్రిప్ట్ అనే నెమ్మది హ్యాష్ అయితే, కాస్ట్ (ఎంత నెమ్మదిగా నడవాలన్న మీట) 12 పెట్టినచోట సెకనుకు 1,400 దగ్గరే ఆగిపోతుంది. మీ సైటు ఏది వాడుతోందో మీకు తెలియదు, చెప్పరు కూడా.

పుట్టినతేదీ, ఎనిమిది అంకెలు: వందేళ్లకు కలిపి 36,525 తేదీలే. బీక్రిప్ట్ ఉన్నా అర నిమిషంలోపు అయిపోతుంది.
బండి నంబరు, ఏపీ39 తర్వాత రెండక్షరాలు, నాలుగంకెలు: 67.6 లక్షలు. బీక్రిప్ట్ మీద గంటా ఇరవై నిమిషాలు.
ఫోన్ నంబరు, 6 నుంచి 9 లోపు మొదలయ్యే పదంకెలు: 400 కోట్లు. ఎండీ5 అయితే రెప్పపాటు, బీక్రిప్ట్ అయితే నెల పైన.
ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలు, నిజంగా చిందరవందరగా: 20,900 కోట్లు. ఎండీ5 అయితే సెకనున్నర కూడా పట్టదు. బీక్రిప్ట్ అయితే నాలుగున్నరేళ్లు.

ఇదంతా ఒక్క కార్డుతోనే. పది కార్డులు అద్దెకు తీసుకుంటే పదోవంతు సమయం. ఇంకో మాట, మీ గురించి తెలిసినవాడికి 36,525 కూడా అక్కర్లేదు. ఫేస్‌బుక్‌లో "హ్యాపీ బర్త్‌డే రా" అని ఎవరు ఎప్పుడు పెట్టారో చూస్తే ఒక్కటే ఊహ.

యార్డు_గుమాస్తా

అన్నా, లెక్కలు బాగున్నయ్ గానీ, గుర్తుండే పాస్‌వర్డు ఎట్లా పెట్టాలో చెప్పు. పాట పల్లవి పెడితే చాలంటున్నారు కొందరు. సామెత పెట్టొచ్చా?

హ్యాష్‌పిచ్చి

వద్దు తమ్ముడూ. పల్లవి, సామెత, సినిమా డైలాగు, శ్లోకం ఇవన్నీ ముందే అచ్చులో ఉన్న వాక్యాలు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాటలు పెట్టిన సైట్లు బోలెడున్నాయి. వాటిని గుంజుకుని జాబితా చేసుకోవడం ఒక పూట పని. పొడుగున్నంత మాత్రాన బలం రాదు. ఎన్ని రకాలుగా వచ్చే వీలుండి అందులో ఒకటి వచ్చిందన్నదే బలం.

పాచికలతో చేయి. డైస్‌వేర్ అంటారు, 1995 నుంచీ ఉన్న పద్ధతి. జాబితాలో 7,776 మాటలుంటాయి, ఎందుకంటే ఆరుని అయిదుసార్లు హెచ్చిస్తే వచ్చేది అదే. ఒక పాచికను అయిదుసార్లు వేస్తే అయిదంకెల సంఖ్య వస్తుంది, దాని ఎదురుగా ఉన్న మాట రాసుకుంటావు. అలా ఆరు మాటలు. నాలుగు మాటలైతే పైన చెప్పిన కార్డు ఎండీ5 మీద ఆరు గంటల చిల్లరలో చుట్టేస్తుంది. అయిదైతే అయిదున్నరేళ్లు. ఆరైతే నలభై రెండు వేల ఏళ్ల పైన. ఒక్క మాట పెంచితే ఎంత తేడా వస్తుందో చూడు.

ఇంగ్లీషు మాటలు గుర్తుండవంటే నీ సొంత తెలుగు జాబితా చేసుకో. మూడు పాచికలకు 216 మాటలు చాలు: గోంగూర, తాటిముంజ, రిక్షా, పంచాంగం, ఏదైనా సరే. అప్పుడు ఆరు బదులు పది మాటలు కావాలి, లెక్క సరిగ్గా సమానం అవుతుంది. జాబితా ఎవరికి తెలిసినా ఫర్వాలేదు, పాచికలు ఏం పడ్డాయో తెలియకూడదు. "ఈ మాట బాలేదు, మళ్లీ వేస్తా" అనొద్దు. నచ్చినవి ఏరుకుంటే బలం పోతుంది.

డీటీపీ_రవి

తెలుగు మాటలతో ఒక చిక్కుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఇవాళ 'త'కి హెచ్ పెడతాం, రేపు పెట్టం. 'గుత్తి'లో టీ రెండా, రెండింటి పక్కన హెచ్ కూడానా? దీర్ఘానికి రెండు ఏలా, ఒకటా? జాబితా చేసేటప్పుడే ఒక్కో మాటకు ఒక్కటే స్పెల్లింగ్ రాసి ఖాయం చేసుకోవాలి. 'త, థ, ద, ధ' ఉన్న మాటలు అసలు జాబితాలోకే రానివ్వకపోతే ఇంకా సుఖం.

ఎవరో తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చుగా అంటారు, ముందే చెబుతున్నా. వద్దు. వేరే కంప్యూటర్లో తెలుగు కీబోర్డు ఉండదు. కొన్ని సైట్లు ఒప్పుకోవు, కొన్ని ఒప్పుకున్నట్టు నటించి తర్వాత లాగిన్ కానివ్వవు.

హ్యాష్‌పిచ్చి

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. బీక్రిప్ట్ 72 బైట్ల వరకే చూస్తుంది, ఆపైన ఉన్నదాన్ని చాలా చోట్ల చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. యూటీఎఫ్-8లో (కంప్యూటరు అక్షరాలు దాచే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. 'లక్ష్మి' అన్నది మన కంటికి రెండక్షరాలే. కంప్యూటరుకు మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు గుర్తులు, అంటే 21 బైట్లు. అలాంటి మాటలు మూడు రాసేసరికి 63 అయిపోతుంది. నాలుగోది సగంలో తెగుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఆరేడు మాటలు హాయిగా పడతాయి.

యార్డు_గుమాస్తా

సరే, ఒకటి గుర్తు పెట్టుకుంటా. ముప్పై సైట్లకు ముప్పై ఎట్లా?

పటమట_శ్రీధర్

ముప్పై గుర్తుపెట్టుకోవడం మనిషి పని కాదు. గుర్తుండాల్సినవి మూడే: ఫోన్ లాక్, మెయిల్ పాస్‌వర్డు, పాస్‌వర్డు మేనేజర్‌కు మాస్టర్ పాస్‌వర్డు. మిగతావి మేనేజర్ తయారుచేసి అదే దాచుకుంటుంది.

బిట్‌వార్డెన్ అనే మేనేజర్ ఉచితంగా దొరుకుతుంది, సోర్సు కోడ్ బహిరంగమే. వరస ఇలా. మాస్టర్ పాస్‌వర్డు పాచికలతో తీసి కాగితం మీద రాసుకోండి. ఖాతా తెరవండి. మాస్టర్ పోతే కంపెనీ తిరిగి ఇవ్వలేదు కాబట్టి ఆ కాగితం బీరువాలోకి వెళ్లాలి. తర్వాత టూ స్టెప్ లాగిన్ (పాస్‌వర్డు తర్వాత ఇంకో కోడ్ కూడా అడగడం) ఆన్ చేసి, అప్పుడు చూపించే రికవరీ కోడ్ కూడా అదే కాగితం మీద రాయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో 'ఆటోఫిల్ సర్వీస్' అని వెతికి బిట్‌వార్డెన్‌ను ఎంచుకోండి. క్రోమ్‌లో "పాస్‌వర్డులు సేవ్ చేయనా" అన్నది ఆపేయండి, లేకపోతే రెండూ పోటీపడి ఏది కొత్తదో ఏది పాతదో తెలియకుండా పోతుంది.

క్రోమ్‌లో ఉన్నవాటిని సీఎస్‌వీ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఇక్కడ ఇంపోర్ట్ చేయొచ్చు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ సీఎస్‌వీలో అన్ని పాస్‌వర్డులూ మామూలు అక్షరాల్లో ఉంటాయి. డౌన్‌లోడ్స్ నుంచి, రీసైకిల్ బిన్ నుంచి, డ్రైవ్‌కు సింక్ అయి ఉంటే అక్కడి నుంచి, డ్రైవ్ ట్రాష్ నుంచి కూడా తీసేయాలి.

పాత పాస్‌వర్డులు ఒక్కపూటలో మార్చనక్కర్లేదు. ఏ సైటుకు వెళ్లినప్పుడు ఆ సైటుది 20 అక్షరాలకు మార్చుకుంటూ పోండి. కొన్ని సైట్లు 15కి మించనివ్వవు, కొన్ని @ తప్ప వేరే గుర్తు ఒప్పుకోవు. జనరేటర్లో ఆ మేరకు తగ్గించండి. పేస్టు చేయనివ్వని బ్యాంకు సైట్లుంటాయి, వాటికి మాత్రం మాటలతో చేసింది పెట్టుకుంటే చేత్తో కొట్టడం తేలిక.

ఇంకో లాభం ఎవరూ చెప్పరు. మేనేజర్ సైటు అసలు చిరునామా చూసి నింపుతుంది. బ్యాంకు పేజీలాగే ఉన్నా అది నింపడానికి ముందుకు రావట్లేదంటే చెయ్యి ఆపి పైన అడ్రసు బార్ చూడండి.

బ్రాడీపేట_4/14

అన్నీ ఒకే బుట్టలో పెట్టమంటున్నారు. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ నుంచి కస్టమర్ల వాల్టుల (పాస్‌వర్డులు దాచిన పెట్టెల) కాపీలే పోయాయి కదా. దానికేమంటారు?

హ్యాష్‌పిచ్చి

సరైన ప్రశ్న. పోయినవి ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే మాస్టర్ పాస్‌వర్డు లేనిదే చదవలేని వాల్టులు. సైట్ల చిరునామాలు మాత్రం ఎన్‌క్రిప్ట్ కాలేదు, అది వాళ్ల తప్పిదం. దాంతో ఎవరికి ఏయే సైట్లలో ఖాతాలున్నాయో బయటపడింది. పాత ఖాతాలకు పీబీకేడీఎఫ్2 తిప్పుళ్లు (మాస్టర్ పాస్‌వర్డును ఎన్నిసార్లు హ్యాష్ చేయాలన్న లెక్క) చాలా తక్కువగా ఉండిపోయాయి. అలాంటిచోట మాస్టర్ పాస్‌వర్డు బలహీనంగా ఉన్నవాళ్లకే ముప్పు. ఆరు పాచికల మాటలు ఉన్నవాళ్ల వాల్టు దొంగ చేతిలో ఉన్నా తెరుచుకోదు. బిట్‌వార్డెన్‌లో 2023 నుంచి కొత్త ఖాతాలకు తిప్పుళ్లు 6 లక్షలు. పాత ఖాతా ఉన్నవాళ్లు సెట్టింగ్స్, సెక్యూరిటీ, కీస్‌లోకి వెళ్లి చూసుకుని పెంచుకోండి.

క్లౌడ్ (కంపెనీ సర్వర్లలో దాచడం) అంటేనే వద్దనుకుంటే కీపాస్‌ఎక్స్‌సీ అనే మేనేజర్. ఒకే ఒక్క ఫైలు, మీ దగ్గరే ఉంటుంది. ఫోన్‌లో కీపాస్‌డీఎక్స్ దాన్నే తెరుస్తుంది. కాకపోతే బ్యాకప్ బాధ్యత మొత్తం మీదే. పెన్‌డ్రైవ్ రెండు కాపీలు, ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకో చోట. ఫోన్‌లో ఒకటి మార్చి, కంప్యూటర్లో ఇంకోటి మార్చి, తర్వాత ఒకదాని మీద ఒకటి కాపీ చేస్తే సగం పోతాయి. అది ఓపిక ఉన్నవాళ్ల పని.

కృష్ణలంక_లక్ష్మి

మా నాన్నగారి వయసు వాళ్లకు ఇవేవీ ఎక్కవండీ. వాళ్లకు నోటుబుక్కు చాలు, నామోషీ ఏం లేదు. ఇంట్లో బీరువాలో ఉన్న పుస్తకాన్ని రష్యా నుంచి ఎవడూ దొంగిలించలేడు. ప్రతి ఖాతాకూ వేరేది రాసుకుంటే, ఒకటే అన్నిచోట్లా వాడేవాళ్లకన్నా వాళ్లే మెరుగు. రాయకూడని చోట్లు వేరే ఉన్నాయి: ఫోన్ కాంటాక్ట్స్‌లో "ఏటీఎం మామయ్య" పేరుతో నంబరులా దాచిన పిన్ను, వాట్సాప్‌లో తనకు తాను పంపుకున్న మెసేజ్, గ్యాలరీలో పాస్‌బుక్కు మొదటి పేజీ ఫొటో. ఫోన్ ఎవరి చేతిలో పడినా మొదట చూసేవి అవే.

ఇక్కడ ఎవరూ సిమ్ సంగతి ఎత్తలేదు. మన దేశంలో సగం పాస్‌వర్డులు ఉత్త పేరుకే, అసలు తాళం ఓటీపీ. ఓటీపీ వచ్చేది సిమ్‌కు. కాబట్టి:

సిమ్‌కు పిన్ పెట్టండి. ఫోన్ సెట్టింగ్స్‌లో 'సిమ్ లాక్' అని ఉంటుంది. ఇది లేకపోతే దొంగ మీ ఫోన్ లాక్ తీయనక్కర్లేదు, సిమ్ పీకి తన ఫోన్లో వేసుకుంటే ఓటీపీలన్నీ వస్తాయి. ముందు కంపెనీ పెట్టిన డీఫాల్ట్ పిన్ అడుగుతుంది, అది ఆపరేటర్‌ను బట్టి మారుతుంది. ఊహించి కొట్టొద్దు, కస్టమర్ కేర్‌ను అడగండి. మూడుసార్లు తప్పైతే పీయూకే (లాకైన సిమ్‌ను తెరిచే కోడ్) అడుగుతుంది, అది పదిసార్లు తప్పైతే సిమ్ పూర్తిగా చచ్చిపోతుంది, కొత్తది తీసుకోవాల్సిందే.

ఉన్నట్టుండి సిగ్నల్ పోయి గంటైనా రాకపోతే, పక్కవాళ్లకు అదే కంపెనీ సిగ్నల్ ఉంటే, టవర్ ప్రాబ్లం అనుకుని ఊరుకోవద్దు. మీ పేరుతో ఎవరో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండొచ్చు. కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్‌ఎంఎస్‌లు ఆపాలన్న నిబంధన ఉంది, మీకున్న వ్యవధి అదే. 2024 జూలై 1 నుంచి సిమ్ మార్చిన ఏడు రోజుల్లోపు నంబరు పోర్ట్ చేయడం కూడా కుదరదు.

వదిలేసిన పాత నంబరు మెయిల్ రికవరీలో ఉండిపోతే అది ఇంకా ప్రమాదం. మూసేసిన నంబర్లను 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ఆ కొత్తాయన దొంగ కాకపోవచ్చు, మీ ఓటీపీలు మాత్రం ఆయనకే పోతాయి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూడొచ్చు. మీవి కానివి అక్కడే రిపోర్ట్ కొట్టొచ్చు.

బ్రాడీపేట_4/14

కాల్ ఫార్వర్డింగ్ కూడా చెప్పండి లక్ష్మి గారూ. "కొరియర్ నుంచి, పార్సిల్ ఆగింది, ఈ కోడ్ డయల్ చేయండి" అని *401*తో మొదలయ్యే నంబరు కొట్టిస్తారు. దాంతో మీ కాల్స్ వాడికి మళ్లుతాయి, ఫోన్ కాల్‌లో చెప్పే ఓటీపీ వాడు వింటాడు. వాట్సాప్ అలాగే పోతుంది. డయల్ కోడ్‌తో ఫార్వర్డింగ్ పెట్టడం 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికాం శాఖ ఆపరేటర్లను ఆదేశించింది. అయినా ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ ఒకసారి చూసుకోండి, ఏమీ ఉండకూడదు.

వాట్సాప్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంది, ఆరంకెల పిన్. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆన్ చేసి, అక్కడ అడిగే మెయిల్ కూడా ఇవ్వండి. మెయిల్ ఇవ్వకుండా పిన్ మర్చిపోతే ఏడు రోజులు బయట కూర్చోవాలి. 'లింక్డ్ డివైసెస్'లో తెలియని కంప్యూటర్ కనిపిస్తే వెంటనే లాగౌట్ కొట్టండి.

అరండల్‌పేట_టీచర్

పిల్లల సంగతి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రిజిస్ట్రేషన్, కౌన్సెలింగ్, స్కాలర్‌షిప్పు అన్నీ నెట్ సెంటర్లోనే చేయిస్తున్నారు. పాస్‌వర్డు, కొన్నిసార్లు మెయిల్ ఐడీ కూడా సెంటరువాళ్లే తయారుచేస్తున్నారు. రద్దీలో వందమందికి ఒకటే పాస్‌వర్డు. ఎలా చెప్పాలి వీళ్లకు?

పటమట_శ్రీధర్

సెంటరాయన చెడ్డవాడనక్కర్లేదు మేడం, పని తొందర. కానీ ఆ పాస్‌వర్డు తెలిసినవాళ్లు వెబ్ ఆప్షన్లు (ఎంచుకున్న కాలేజీల వరస) చూడొచ్చు, గడువులోపు మార్చనూ వచ్చు. పిల్లలకు ఈ నాలుగు చెప్పండి. మెయిల్ ఐడీ ఇంట్లో, సొంత ఫోన్‌లో ముందే తెరుచుకుని వెళ్లాలి. రిజిస్టర్ చేసే ఫోన్ నంబరు ఇంట్లో ఎప్పుడూ ఉండే మనిషిది కావాలి, సెంటరుది కాదు. పాస్‌వర్డు అడిగినచోట కీబోర్డు తామే తీసుకుని కొట్టాలి. పని అయ్యాక ఇంటికొచ్చి ఫోన్ నుంచి పాస్‌వర్డు మళ్లీ మార్చేయాలి, ఆప్షన్లు ఫ్రీజ్ చేశాక ఆ ప్రింటు తీసి పెట్టుకోవాలి.

సెంటర్లో ఉండిపోయేవి ఇంకొన్ని: డౌన్‌లోడ్స్‌లో ఆధార్ పీడీఎఫ్, లాగౌట్ చేయని మెయిల్, వాట్సాప్ వెబ్. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డు ఉందిగా అనకండి. అది పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. దరఖాస్తు ఫారం చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది. అవసరం తీరేచోట మాస్క్డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసిపెట్టుకుంటే వేలిముద్రతో డబ్బు తీసే మోసాలకూ అడ్డుకట్ట పడుతుంది. అవసరమైనప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు.

డీటీపీ_రవి

ఇప్పుడు మా బజారు సంగతి చెప్పాల్సిందే. బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల కానీండి, గుంటూరు కొత్తపేట కానీండి, ఫ్లెక్సీలు, శుభలేఖలు చేసే కంప్యూటర్లలో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ మామూలే. ఆ క్రాకులతో పాటు ఇన్ఫోస్టీలర్ అనే రకం వైరస్ వస్తుంది. "ముందు యాంటీవైరస్ ఆపండి" అని ఇన్‌స్టాల్ సూచనల్లోనే రాసి ఉంటుంది, అదే గుర్తు. అది బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డులతో పాటు కుకీలను కూడా ఎత్తుకుపోతుంది. కుకీ అంటే ఆల్రెడీ లాగిన్ అయి ఉన్నారన్న చీటీ. అది దొరికితే పాస్‌వర్డూ అడగదు, ఓటీపీ కూడా అడగదు. 40 అక్షరాల పాస్‌వర్డున్నా అంతే.

ఇలా జరిగిందని అనుమానం వస్తే వరస ముఖ్యం. అదే కంప్యూటర్లో కూర్చుని పాస్‌వర్డులు మారిస్తే కొత్తవి కూడా వాడికే పోతాయి. ముందు నెట్ తీసేయాలి. శుభ్రంగా ఉన్న ఇంకో ఫోన్ నుంచి మెయిల్‌లోకి వెళ్లి అన్ని డివైసుల నుంచీ లాగౌట్ కొట్టాలి, దాంతో ఆ చీటీలు చెల్లవు. తర్వాత మెయిల్ పాస్‌వర్డు, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. మెయిల్ ఫిల్టర్లలో, ఫార్వర్డింగ్‌లో తెలియని అడ్రసు ఉందేమో చూడాలి, ఇది చూసేవాళ్లు చాలా తక్కువ. అన్నీ అయ్యాకే కంప్యూటర్ ఫార్మాట్.

ఫోన్లో ఇదే పని ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్లు చేస్తాయి. ట్రాఫిక్ చలానా, పెళ్లి పత్రిక, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో వస్తాయి. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ, ఇన్‌స్టాల్ చేసుకోమని అడగదు. ఎస్‌ఎంఎస్ పర్మిషన్ ఇచ్చారా, ఓటీపీలు నేరుగా వాడికే.

మోడరేటర్

ఉదాహరణ కోసమని తమ అసలు పాస్‌వర్డు "పోకడ" రాసిన రెండు పోస్టులు తీసేశాం. దయచేసి అవి మార్చుకోండి. చర్చ కొనసాగించండి.

కృష్ణలంక_లక్ష్మి

😀 మన పాస్‌వర్డు లీకైందో లేదో చూడ్డానికి 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' ఉందిగా, అక్కడ పాస్‌వర్డు కొట్టడం మాత్రం క్షేమమేనా?

హ్యాష్‌పిచ్చి

దాని పద్ధతి తెలివైనది. మీరు కొట్టినదాన్ని మీ బ్రౌజర్లోనే షా-1 హ్యాష్ చేస్తారు, 40 అక్షరాలు వస్తాయి. అందులో మొదటి అయిదే సర్వర్‌కు పోతాయి. ఆ అయిదుతో మొదలయ్యేవన్నీ సర్వర్ వెనక్కి పంపిస్తుంది, మీది అందులో ఉందా అన్నది మీ దగ్గరే తేలుతుంది. ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన సైటు అది. ఇలాంటివే అని చెప్పుకునే వేరే సైట్లలో మాత్రం కొట్టొద్దు. బిట్‌వార్డెన్, క్రోమ్ కూడా లీకైన పాస్‌వర్డుల్ని పట్టి చూపిస్తాయి.

ఒక పాత నమ్మకం కూడా వదిలేయొచ్చు. మూడు నెలలకోసారి మార్చాలన్న రూలు అక్కర్లేదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. బలవంతంగా మార్పిస్తే జనం చివర 1 తీసి 2 పెడతారు. లీకైందని తెలిస్తేనే మార్చండి, అప్పుడు మాత్రం ఆలస్యం చేయకండి.

ఓటీపీ ఎస్‌ఎంఎస్ బదులు ఆథెంటికేటర్ యాప్ ఉన్నచోట అదే పెట్టండి. 30 సెకన్లకోసారి ఆరంకెలు మారుతాయి, సిమ్‌తో సంబంధం లేదు. ఫోన్ టైము ఆటోమేటిక్‌లో లేకపోతే కోడ్ తప్పంటుంది, చాలామంది యాప్‌నే తిట్టుకుంటారు. గూగుల్ ఖాతాకు పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. అవి ప్రింటు తీసి బీరువాలో పెట్టండి, అదే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెడితే ఫోన్‌తో పాటే పోతాయి. పాస్‌కీ (పాస్‌వర్డు బదులు ఫోన్ లాక్‌తోనే తెరుచుకునే తాళం) ఇచ్చే సైట్లలో అదే తీసుకోండి. దొంగ పేజీలో అది పనిచేయనే చేయదు.

యార్డు_గుమాస్తా

మిర్చి కొట్లలో ఒకటే కంప్యూటర్, ఒకటే లాగిన్. ఈ-వే బిల్లు (సరుకు లారీకి ఆన్‌లైన్లో తీసే జీఎస్టీ పత్రం) ఓనరుగారి ఐడీతోనే అందరం కొడతాం. గుమాస్తా మానేసినా పాస్‌వర్డు అదే. ఏం చేయాలి?

బ్రాడీపేట_4/14

ఈ-వే బిల్లు పోర్టల్లో యూజర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్తే సబ్ యూజర్ చేయొచ్చు తమ్ముడూ. ఒక్కో గుమాస్తాకు ఒక్కో ఐడీ, వాళ్ల సొంత ఫోన్ నంబరుతో. వాళ్లకు అవసరమైన పనుల వరకే అనుమతి ఇవ్వొచ్చు. మనిషి మానేసిన రోజే ఆ ఐడీని ఫ్రీజ్ చేస్తే సరి. 2025 ఏప్రిల్ 1 నుంచి అక్కడ రెండో అంచె ఓటీపీ అందరికీ తప్పనిసరి చేశారు కాబట్టి, ఓనరు ఫోన్ మీద ఓటీపీ కోసం లారీ ఆగే బాధ కూడా సబ్ యూజర్‌తోనే తీరుతుంది.

ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో 'ఈ-ఫైలింగ్ వాల్ట్' అని ఉంది. అది ఆన్ చేస్తే పాస్‌వర్డు తెలిసినా ఆధార్ ఓటీపీయో, నెట్ బ్యాంకింగో లేకుండా లోపలికి రానివ్వదు. రిటర్ను వేసేవాళ్లకు పాస్‌వర్డు ఇచ్చి మర్చిపోయే అలవాటు మనకుంది, వాళ్లు రీఫండ్ బ్యాంకు ఖాతా కూడా మార్చగలరు. కరెంటు ఖాతాకు బ్యాంకులో మేకర్, చెకర్ అడగండి. ఎంటర్ చేసేది గుమాస్తా, ఓకే కొట్టేది ఓనరు.

యార్డు_గుమాస్తా

డబ్బు పోయాక ఏంది దారి?

బ్రాడీపేట_4/14

ముందు 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్. పోలీస్ స్టేషన్‌కు బయల్దేరే ముందే చేయాలి, ఎందుకంటే డబ్బు ఇంకో ఖాతాకు మారేలోపు ఆపడమే వాళ్ల పని. ట్రాన్సాక్షన్ నంబరు (యూటీఆర్), తేదీ, మొత్తం, ఏ ఖాతా నుంచి అన్నవి చేతిలో పెట్టుకోండి. తర్వాత నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేయాలి. బ్యాంకుకు రాతపూర్వకంగా మెయిల్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆర్‌బీఐ 2017 జూలై సర్క్యులర్ ప్రకారం తప్పు బ్యాంకుదీ మీదీ కాకుండా మూడోచోట జరిగితే, సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు చెబితే మీ మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే పరిమితి మేరకు మీరు భరించాలి. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీదే, చెప్పాక పోయింది బ్యాంకుది. అందుకే ఫోన్ కాల్ ఒక్కటే చేసి ఊరుకోకుండా, ఏ టైముకు చెప్పారో రుజువు ఉండాలి.

యార్డు_గుమాస్తా

సబ్ యూజర్ ఐడీలు రేపు ఓనరుగారితో చేయిస్తా. పాత గుమాస్తా ఫోన్ నంబరు ఇంకా పోర్టల్‌లో ఉంటే?

బ్రాడీపేట_4/14

అది ముందు చూడండి. ఈ-వే బిల్లు పోర్టల్ నంబరు, మెయిల్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ నుంచే తీసుకుంటుంది. జీఎస్టీ పోర్టల్లో ఆథరైజ్డ్ సిగ్నేటరీ వివరాల్లో నంబరు మార్చాలి, ఇది నాన్ కోర్ సవరణ కిందికి వస్తుంది. అది అయ్యాక ఈ-వే బిల్లు సైటులో అప్‌డేట్ మెనూలో జీఎస్టీ పోర్టల్ నుంచి వివరాలు తెచ్చుకునే ఆప్షన్ కొడితే కొత్త నంబరు వస్తుంది. ఆ తర్వాతే పాస్‌వర్డు మార్చండి, లేకపోతే ఓటీపీ పాతాయనకే పోతుంది.